నాలుగు వాచిన బుగ్గలు, పదకొండు బ్యాండు కోట్లు

ఆ సోమవారం పొద్దున కత్తెరత్త ఇంటి మెట్ల మీద ముందు బుగ్గలు కనిపించాయి, ఆ తర్వాతే పిల్లలు కనిపించారు. ఇద్దరికీ గవదబిళ్ళలు. పదకొండేళ్ల పిల్లకు రెండు వైపులా సమానంగా వాచాయి. ఏడేళ్ల పిల్లవాడికి మాత్రం ఎడమ బుగ్గ కాస్త ఎక్కువ వాచి, నోట్లో రబ్బరు బంతి దాచుకున్నట్టు ఉంది.

వాళ్ల అమ్మకూ నాన్నకూ చిన్నప్పుడు ఈ జబ్బు రాలేదు. పెద్దయ్యాక వస్తే చాలా బాధ పెడుతుందని డాక్టరు అన్నాడు. ఒకసారి వచ్చినవాళ్లకు మళ్లీ రాదని కూడా అన్నాడు. ఇంటిల్లిపాదిలో చిన్నప్పుడే గవదబిళ్ళలు వచ్చి పోయిన మనిషి, ఆ పిల్లల మేనత్త ఒక్కతే.

"చిన్నప్పుడు నేను పాసైన పరీక్ష అదొక్కటే. ఇన్నాళ్లకు పనికొచ్చింది," అంది ఆమె పిల్లల సంచులు అందుకుంటూ.

కత్తెరత్త అసలు పేరు అది కాదని వేరే చెప్పక్కర్లేదు. మేనకోడలు మాటలు వచ్చిన కొత్తలో పెట్టిన పేరు వీధంతా పాకింది. ఏడో తరగతితో బడి మానేసి, పక్కింటావిడ కుట్టుమిషను మీద దిండు గలేబులతో మొదలుపెట్టి, ముప్ఫై ఏళ్లుగా ఆడవాళ్ల బట్టలూ పిల్లల గౌన్లూ కుడుతోంది. ముందు గదిలో మిషను, కత్తిరింపు బల్ల, ఇస్త్రీ బల్ల. వెనక గదిలో మంచం, పొయ్యి. వీధి వైపు మనిషి అడ్డంగా నిలబడితే నిండిపోయే బాల్కనీ. అదే ఆమె సంస్థానం. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగితే, అడిగినవాళ్లను నెత్తి నుంచి పాదాల దాకా ఒకసారి చూపులతో కొలిచేది. రెండోసారి ఎవరూ అడగలేదు.

ఆమెకు కోటు పిచ్చి. మగవాళ్ల కోటు కుట్టడం ఆడ టైలర్ల వల్ల కాదని బజారు టైలరు ఎప్పుడో అన్నాడు. ఆ మాట ఆమె మనసులో ముల్లులా దిగబడి ఉండిపోయింది. తండ్రి వదిలిపోయిన పాత కోటును కుట్లు విప్పి, ముక్కలు ముక్కలుగా బల్ల మీద పరిచి, ఏది ఎక్కడ అతుకుతుందో కాగితం మీద గీసుకుని, మళ్లీ కుట్టింది. అలా తొమ్మిదిసార్లు. తొమ్మిదోసారికి ఆ కోటు ఎలుక కొరికినట్టయింది కానీ ఆమెకు విద్య వచ్చింది. విద్య వచ్చిన పదకొండేళ్లకు కూడా కోటు కుట్టమని అడిగిన మగవాడు లేడు. చివరికి పోయిన వారమే, వెనక వీధి బ్యాండు మాస్టారు వచ్చి పదకొండు ఎర్ర కోట్లు అడిగాడు. ఈ ఆదివారం కాక, పై ఆదివారం కొత్త బస్టాండు ప్రారంభం. ఊరంతా చూస్తుండగా వాళ్లు వాయించాలి. ఎర్ర గుడ్డ తాను అప్పటికే బల్ల కింద ఉంది. మంగళవారం మనుషులను తీసుకొచ్చి కొలతలిస్తానన్నాడు. సరిగ్గా ఆ ముందురోజే ఈ బుగ్గలు దిగాయి.

పిల్లల తల్లి వీధిలోనే నిలబడి, ఒక కాగితం మడిచి బాల్కనీ నుంచి దించిన బుట్టలో వేసింది.

"వదినా, అందులో ఆటలు రాశాను. ఆటల్లోనే చదువు. రోజుకు రెండు చేయించు. సాయంత్రం వచ్చి ఏం నేర్చుకున్నారో అడుగుతాను."

"నన్నా, పిల్లలనా?"

"పిల్లలనే వదినా." ఆమె గుమస్తా. దేనికైనా రాతపూర్వకంగా జవాబు కావాలి.

కాగితంలో మొదటిది అగ్నిపర్వతం. సీసాలో వంటసోడా వేసి, వెనిగర్ పోసి, పొంగడం చూడాలి. వెనిగర్ ఒక గ్లాసు అని రాసి ఉంటే, లాయరమ్మ మూడు గ్లాసులు పోసింది. లాయరమ్మ అంటే మేనకోడలే. రెండేళ్ల వయసు నుంచీ ఏ మాటకైనా ఎదురు ప్రశ్న వేస్తుందని ఆ పేరు. అగ్నిపర్వతం బద్దలై, ఇస్త్రీ బల్ల మీదుగా పారి, ఎర్ర తానుకు జానెడు దూరంలో ఆగింది. పిల్లవాడు ఆనందం పట్టలేక గెంతాడు. కత్తెరత్త తల ప్రాణం తోకకొచ్చింది.

"ఇందులో చదువేముందే?"

"రసాయన చర్య, అత్తా."

"నాకు కనిపించింది నీళ్ల చర్య. గుడ్డ తీసుకుని తుడు."

ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, కుంటుతున్న మిషను కాలి కింద తోసింది. మిషను నిలబడింది. తమ్ముడి పెళ్లాం రాతలో ఇంత బలముందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

మర్నాడు బ్యాండు మాస్టారు పదిమందిని వెంటబెట్టుకుని వచ్చాడు. మెట్ల మీద ఒక కాలు పెట్టి, ఎందుకో తల ఎత్తాడు. బాల్కనీలో నాలుగు బుగ్గలు అతన్ని చూసి నవ్వాయి. పెట్టిన కాలు వెనక్కి తీసుకుని, వెనక ఉన్న బాకా మనిషి పాదం తొక్కి, వీధి మధ్యకు వెళ్లి నిలబడ్డాడు.

"అక్కా, అవి ఏంటి?"

"మా తమ్ముడి పిల్లలు."

"పిల్లల సంగతి కాదు. ఆ బుగ్గలు."

దాచి లాభం లేదు. గవదబిళ్ళలన్న మాట వినగానే పదకొండు మందీ నోటికి రుమాళ్లు అడ్డం పెట్టుకున్నారు. పెద్ద డ్రమ్ము మనిషికి ఊదే పనే లేకపోయినా అతనూ పెట్టుకున్నాడు.

"మా బతుకంతా బుగ్గల్లో ఉంది అక్కా. ఒక్కడికి వాచినా బస్టాండు దగ్గర నేను గాలి ఊదుకోవాలి. గుడ్డ తాను కిందికి దించెయ్. బజారు టైలరుకు ఇచ్చుకుంటాను."

"నేను కిందికొచ్చి కొలుస్తాను మాస్టారూ. నాకు అంటదు."

"నీకంటదు సరే, నీ చేతికీ చీరకొంగుకీ అంటుకుని వస్తుందేమో. ఎవరు చూశారు?"

కత్తెరత్తకు బజారు టైలరు ఈ సంగతి విని ఎలా నవ్వుతాడో చెవుల్లో వినబడింది. పదకొండేళ్లు ఎదురుచూసింది ఈ తానుకోసం. అది ఇప్పుడు బుట్టలో దిగిపోతే, మళ్లీ ఏ మగవాడూ ఈ మెట్లెక్కడు.

"ముట్టుకోకుండా కొలిస్తే?" అంది లాయరమ్మ కటకటాల మధ్య నుంచి ముఖం పెట్టి.

"ముట్టుకోకుండా ఎలా కొలుస్తావమ్మా, మంత్రం వేస్తావా?" అన్నాడు మాస్టారు.

"ఎదురుగా గోడ ఉంది కదా మామయ్యా. గోడ మీద గీతలుంటే మీరు వాటి ముందు నిలబడండి. మేము ఇక్కడి నుంచి చదువుతాం. లావు కొలతలకు మీ దారం మీరే తెచ్చుకుని, మీరే చుట్టుకుని, మీరే తెంపండి. దారం మీ దగ్గర్నుంచి మా దగ్గరికి వస్తుంది. మా దగ్గర్నుంచి కోట్లు తప్ప ఏదీ మీ దగ్గరికి రాదు, అవి వచ్చేసరికి మా వాపు తగ్గిపోతుంది. ఇక జబ్బు ఎలా వస్తుంది?"

మాస్టారు వాదించడానికి నోరు తెరిచి, రుమాలు గుర్తొచ్చి మూసుకున్నాడు. "సాయంత్రం నాలుగింటికి వస్తాం. కుదరకపోతే తాను దించెయ్యాలి," అని వెళ్లిపోయాడు.

ఎదురుగా ఉన్నది గోదాము గోడ. కిటికీ, తలుపు లేని పొడుగాటి సున్నపు గోడ. మధ్యాహ్నం వీధి ఖాళీగా ఉన్నప్పుడు కత్తెరత్త కర్ర స్కేలూ సుద్దముక్కా పట్టుకుని దిగి, నేల నుంచి ఆరున్నర అడుగుల దాకా అంగుళానికో గీత గీసింది. అడుగుకోసారి పొడుగు గీత. పై నుంచి పిల్లవాడు గీతలు లెక్కపెడుతూ, ముప్ఫై దాటగానే తప్పుపోయి, మళ్లీ మొదలుపెట్టేవాడు. అలా ఆరుసార్లు లెక్కపెట్టాడు. ఏడోసారికి డెబ్భై ఎనిమిది దాకా ఆగకుండా వచ్చి, తనకు తానే చప్పట్లు కొట్టుకున్నాడు. బళ్లో పంతులమ్మ మూడు నెలలుగా ఆ ముప్ఫై దగ్గరే ఆగిపోయిందని తర్వాత తెలిసింది.

నాలుగింటికి బ్యాండు వచ్చింది. ఆ వీధిలో అంతకుముందు వాళ్లు వాయించారు గానీ, అంత తమాషా ఎప్పుడూ జరగలేదు. ఒక్కొక్కరూ గోడకు వీపు ఆనించి నిలబడాలి. పిల్లలు పై నుంచి ఆజ్ఞలు.

"చెప్పులు విప్పండి మామయ్యా."

"జుట్టు నొక్కండి. జుట్టు కొలత లెక్కలోకి రాదు."

"ఊపిరి బిగబట్టకండి. మీ పొట్ట మీకే ఉంటుంది, మేము తీసుకోం."

ఈ చివరి మాట డ్రమ్ము మనిషితో. అతని నడుముకు ఒక దారం చాలక రెండు ముడివేశారు. బాకా మనిషి ముడి దగ్గర వేలు పెట్టి, "ఇది సరిహద్దు," అన్నాడు. డ్రమ్ము మనిషి వాడి వీపు మీద ఒక దెబ్బ వాయించాడు. ఇరుగుపొరుగు కిటికీలు తెరుచుకున్నాయి.

దారాలకు కత్తెరత్త గుర్తులు చెప్పింది. ఛాతీకి ఒక ముడి, నడుముకు రెండు, చేతి పొడవుకు మూడు, భుజాలకు నాలుగు. పదకొండు మందివి నలభై నాలుగు దారాలు, మనిషికో కట్టగా, కట్టకో వాద్యం పేరు రాసిన చీటీతో బుట్టలో పైకి వచ్చాయి. ఈసారి బుట్ట దించి పెట్టాక, వాళ్లు దాన్ని కర్రతో దగ్గరకు లాక్కుని మరీ నింపారు.

ఆ సందడిలోనే పిల్లల తల్లి వచ్చింది. ఆఫీసు సంచి భుజాన వేసుకుని, గోడ మీది గీతలూ రుమాళ్ల మనుషులూ చూసి ముక్కున వేలేసుకుంది.

"వదినా, ఏంటిదంతా?"

"పాఠం, అమ్మాయ్."

"ఏ పాఠం?"

కత్తెరత్త మేనకోడలి వైపు చూసింది. లాయరమ్మ గొంతు సవరించుకుంది. "దూరం నుంచి ఎత్తులు అంచనా వేయడం, వక్రాకారాల చుట్టుకొలతలు, సమాచార సేకరణ, వర్గీకరణ."

తల్లి ముఖం వెలిగిపోయింది. సంచిలోంచి చిన్న పుస్తకం తీసి అదంతా రాసుకుంది. "ఇది నేనిచ్చిన కాగితంలో ఎన్నో నంబరు వదినా?"

"అడుగున ఉంది," అంది కత్తెరత్త. మిషను అడుగున. అబద్ధం చెప్పలేదు కదా అని ఆమె ధైర్యం.

రాత్రికి ముందే దారాలు కొలిచేశారు. పిల్లవాడు దారం బిగువుగా పట్టాలి, అక్క టేపు పెట్టి చదివి నోటు పుస్తకంలో రాయాలి. కత్తెరత్త ఆ పని పూర్తిగా వాళ్లకే వదిలేసి, నిశ్చింతగా సుద్ద చెక్కుకుంది. ఇరవై రోజుల్లో చదువుకోవాల్సినంత లెక్క వాళ్లు ఒక్క సాయంత్రంలో చేశారు. డ్రమ్ము మనిషి నడుములోంచి క్లారినెట్ మనిషి నడుము తీసివేస్తే ఎంత మిగులుతుందో చూసి, ఆ మిగిలిన దాంట్లో తమ్ముడు పట్టేస్తాడని తేల్చారు.

బుధవారం కత్తెరత్త పదకొండు కోట్లూ కోసింది. కత్తెర ఎర్ర గుడ్డలో పడవలా సాగిపోయింది. గురువారం మొదటి కోటు కుట్టింది. అది బాకా మనిషిది. శుక్రవారం పొద్దున హాంగరుకు తగిలించి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకుంది. తన కోటు. తండ్రిదాన్ని విప్పి కుట్టింది కాదు, తాను మొదటి నుంచి కుట్టింది. కళ్లు చెమర్చాయి. పిల్లలు చూస్తే ఏడిపిస్తారని ఆవలించినట్టు నటించింది.

పిల్లవాడు ఆ సమయంలో బాకా మనిషి దారాలతో పాములాట ఆడుకుంటున్నాడు. మూడు ముడుల పామును కోటు చేతిలోకి పైనుంచి పంపించాడు.

"అత్తా, పాము తోక బయటికొచ్చింది."

"తోక ఉన్నాక రాదా మరి."

"కాదు అత్తా. తల భుజం దగ్గరే ఉంది. తోక ఇంతుంది." వేళ్లతో చూపించాడు. సరిగ్గా అంగుళం.

కత్తెరత్త నాలుగు ముడుల దారం తెచ్చి భుజాల మీద పరిచింది. అంగుళం తక్కువ. బల్ల మీద కోసి పెట్టిన మిగతా పది కోట్ల ముక్కలకు దారాలు పెట్టి చూసింది. అన్నీ అంగుళం తక్కువే. స్టూలు మీద కూలబడింది.

"ఎవరే రాసింది ఈ కొలతలు?"

"నేనే," అంది లాయరమ్మ. "సరిగ్గా రాశాను."

"సరిగ్గా రాస్తే అంగుళం ఏమైంది? ఎలుక తిందా?"

"నీ టేపు ఒకటి నుంచి మొదలవుతుంది కదా అత్తా. ముందు ముక్క లేదు. అందుకే చదివిన ప్రతి అంకెలోంచి ఒకటి తీసేసి రాశాను. తమ్ముడికి తీసివేత కూడా వచ్చేసింది, కావాలంటే అడుగు."

"ముప్ఫై తొమ్మిదిలో ఒకటి పోతే ముప్ఫై ఎనిమిది," అన్నాడు తమ్ముడు, అడక్కుండానే.

కత్తెరత్త టేపు చేతిలోకి తీసుకుని మొదటిసారి చూసినట్టు చూసింది. పద్నాలుగేళ్ల క్రితం ఇస్త్రీపెట్టె కింద పడి దాని మొదటి అంగుళం కాలిపోయింది. టేపు చూపిన అంకెను అలాగే పుస్తకంలో రాసుకోవడం, బల్ల మీద కర్ర స్కేలుతో గుడ్డకు గీసేటప్పుడు ఒకటి తగ్గించడం ఆమెకు అలవాటైపోయింది. తగ్గిస్తున్నానని కూడా తెలియకుండా తగ్గించేది. ఆ సంగతి ఇంతవరకు ఒక్కరికీ చెప్పలేదు. చెప్పాల్సిన మనిషి ఇంట్లో ఎప్పుడూ లేదు. ఇప్పుడు మేనకోడలు ఒకటి తీసింది, తాను ఇంకొకటి తీసింది.

"చెప్పొచ్చు కదే నాకు, తీసేశానని."

"నువ్వు అడగలేదు. మొదలు లేని టేపని నువ్వూ నాకు చెప్పలేదు. తప్పు చెరిసగం."

"నాది మాత్రం కాదు," అన్నాడు పిల్లవాడు. "నేను దారం పట్టుకున్నానంతే."

కోపం తెచ్చుకుందామని చూసింది కత్తెరత్త. ఎదురుగా వాచిన బుగ్గలతో రెండు ముఖాలు ఎంతో న్యాయంగా నిలబడి ఉంటే కోపం నిలవలేదు. నవ్వు వచ్చింది, వెంటనే భయం వచ్చింది. మాస్టారు గుడ్డ లెక్కకు లెక్కగా ఇచ్చాడు. లోపల విప్పుకోవడానికి వదిలిన మడత పిసరంత. కోటు అంగుళం పొట్టిదైతే మనిషి పొడుగ్గా కనిపిస్తాడులే అని సరిపెట్టుకోవచ్చు. ఛాతీ దగ్గర అలా కుదరదు. ఊపిరి నిండా పీల్చి ఊదేవాళ్ల ఛాతీ అంగుళం బిగిస్తే బస్టాండు ముందు గుండీలు రాలుతాయి. ఏరుకోవడానికి బజారు టైలరు మొదటి వరసలో ఉంటాడు.

"అంగుళం పోయింది కదా, అంగుళం అతికించు," అన్నాడు పిల్లవాడు. వాడికి అంత తేలికగా ఉంది.

"ఎర్ర గుడ్డ లేదురా."

"వేరే రంగు."

అతుకు కనిపిస్తుందిరా అనబోయి ఆగింది. కనిపించేలా పెడితే? బ్యాండు కోటుకు మెరుపు ఎక్కువైందని ఎవరూ ఏడవరు. అటక మీది పెట్టెలో పసుపు శాటిన్ ఉంది. బడి వార్షికోత్సవానికి ఇరవై మంది పిల్లలకు పొద్దుతిరుగుడు పూల వేషాలు కుట్టగా మిగిలింది.

"ఛాతీకీ నడుముకూ కలిపి పక్కల్లో అటు అరంగుళం, ఇటు అరంగుళం. భుజాలకూ అంతే. చేతుల చివర అంగుళం పట్టీ," అంది లేచి నిలబడుతూ. "లెక్క కట్టవే."

లాయరమ్మ అప్పటికే పెన్సిలు అందుకుంది. "కోటుకు ఆరు పట్టీలు. పదకొండు కోట్లకు అరవై ఆరు. అరంగుళం పట్టీ కనిపించాలంటే, అటూ ఇటూ కుట్టులోకి పావూ పావూ పోతుంది కాబట్టి అంగుళం వెడల్పు కోయాలి."

"పావు పోతుందని నీకెవరు చెప్పారు?"

"రెండు రోజులుగా చూస్తున్నాను కదా."

"ఇకనుంచి నువ్వు చూసింది చూసినట్టు నాకు చెప్పు. నేను చేసింది చేసినట్టు నీకు చెప్తాను."

ఆ తర్వాత వారం రోజులూ ఆ గదిలో పసుపు తప్ప మరో ధ్యాస లేదు. అక్క గీతలు గీసింది, తమ్ముడు పట్టీలు లెక్కపెట్టి పదేసి కట్టలు కట్టాడు, కత్తెరత్త కుట్టింది. సాయంత్రాలు తల్లి వీధిలోంచి అడిగేది, పిల్లలు బాల్కనీలోంచి చెప్పేవారు. ఒకరోజు "భిన్నాలు." ఒకరోజు "ఆరో ఎక్కం, పదకొండు దాకా." ఒకరోజు పిల్లవాడు "తప్పులను అందంగా మార్చడం" అనేశాడు. తల్లి దాన్ని కూడా రాసుకుని, కింద గీత గీసింది. బుగ్గల వాపు మాత్రం రోజురోజుకూ తీస్తోంది. ఆ సంగతి పిల్లలకు అంతగా నచ్చలేదు.

ప్రారంభానికి ముందురోజు శనివారం మధ్యాహ్నం పదకొండు కోట్లూ బుట్టలో దిగాయి. మాస్టారు మళ్లీ కర్రతోనే లాగాడు గానీ, మొదటి కోటు విప్పి చూడగానే కర్ర వదిలేశాడు. అటూ ఇటూ తిప్పాడు. అందరూ తొడుక్కుని గుండీలు పెట్టుకున్నారు.

"వాయించండి," అన్నాడు.

బాల్కనీలో ముగ్గురూ కటకటాలు పట్టుకున్నారు. పదిమంది ఊపిరి పీల్చారు. ఛాతీలు ఉబ్బాయి. పక్కల్లో పసుపు పట్టీలు విచ్చుకుని మెరిశాయి. గోదాము గోడ అదిరేలా ఒక పాట మొదలై, వీధి చివరి దాకా వెళ్లి, ముగిసింది. ఒక్క గుండీ కదల్లేదు. డ్రమ్ము మనిషి తన పొట్ట కేసి అనుమానంగా చూసుకుని, ఇంకో రెండు దెబ్బలు ఎక్కువ వేసి పరీక్షించుకున్నాడు. అప్పుడూ కదల్లేదు.

మాస్టారు మెట్ల దగ్గరికి వచ్చాడు. కత్తెరత్త దిగి, నాలుగో మెట్టు మీద ఆగింది.

"ఈ పసుపు నేను అడగలేదే అక్కా."

ఏదో గొప్పగా చెప్పెయ్యొచ్చు. పై నుంచి లాయరమ్మ చూస్తోంది. చూసింది చూసినట్టు, చేసింది చేసినట్టు అన్న మాట తనదే.

"తప్పు కోశాను మాస్టారూ. అంగుళం తక్కువైంది. అతికించాను."

మాస్టారు వెనక్కి తిరిగి తన మనుషులు వినలేదు కదా అని చూసుకుని, గొంతు తగ్గించాడు. "నాతో అన్నావు సరే, ఇంకెవరితోనూ అనకు. ఆ పసుపు పెట్టించింది నేనేనని ఇప్పుడే మావాళ్లకు చెప్పేశాను. వాళ్లు నన్ను మెచ్చుకుంటున్నారు కూడా. ఇలాంటి కోట్ల కింద ఆ పాత ప్యాంట్లు వెలవెలబోతున్నాయి. బస్టాండు సంబరం అయ్యాక అవి కూడా నువ్వే కుట్టెయ్."

కత్తెరత్త ఆ మాటకు ఏమాత్రం పొంగిపోయినట్టు కనిపించకూడదనుకుంది. "చేతి నిండా పని ఉంది. ఆలోచించి చెప్తాను," అని బరువుగా వెనుదిరిగి, రెండు మెట్లెక్కి, ఆగి, తల తిప్పింది.

"ఆలోచించాను. కుడతాను."